వంతుల మంచం

మరమగ్గాల వాడ ఉధ్నాలోని అద్దె గదిలో ఇద్దరికి ఒకటే మంచం. లింగం రాత్రంతా మరమగ్గం నడిపి పగలు పడుకునేవాడు, పగటి షిఫ్టు చేసే రెండోవాడు రాత్రి పడుకునేవాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి ఇద్దరూ ఒకేసారి గదిలో పడ్డారు. లింగం మూట కట్టుకుని, ఊరి శివారు కామ్‌రేజ్‌లో కొడుకు జితేందర్ కొత్తగా కొన్న ఫ్లాటుకు నడిచొచ్చాడు.

జితేందర్ మూటమీద శానిటైజర్ కొట్టి, లోపల రెండో గది చూపించాడు.

"ఇది నా ఆఫీసు బాపూ. ఇప్పుడు మా చదువుకున్నోళ్లందరు ఆఫీసు గదున్న ఇల్లే కొంటున్నరు. రాత్రి ఇందుల పండుకో. పొద్దుగాల మీటింగులుంటయి, కింద పార్కింగుల కూసో."

లింగం నవ్వబోయాడు. "గిట్ల వంతుల మంచం నీకొద్దనే గదరా నిన్ను ఇంజనీర్ చదివించిన?"

"అవు బాపూ, నాకు అలవాటు కాలే." జితేందర్ ఆఫీసు గదిలో నేలమీద చాప పరిచాడు. "నీకు అలవాటే గద."