మిగిలిన పదకొండు

తెర మీద పదిహేడో నంబరు మళ్ళీ ఎర్రబడింది.

సూపర్‌వైజరమ్మకి ఒళ్ళు మండింది. ఆ మందుల గోడౌన్‌కి ఆమె కొత్త. ఎవరు ఎంతసేపట్లో ఎన్ని పెట్టెలు లారీకెక్కించారో గోడకున్న తెర చెబుతుంది. అందరి నంబర్లూ పచ్చగా ఉన్నాయి. పదిహేడొక్కటే ఎరుపు.

వెళ్ళి చూసింది.

చల్లగది తలుపు దగ్గర ఒక ముసలాయన. ప్రతి పెట్టెకీ అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే పక్కవాడికి అందిస్తున్నాడు.

"నాడి చూస్తున్నాడమ్మా," అన్నాడు లారీ డ్రైవరు. "ఏ పెట్టెకి జ్వరమో మా డాక్టరుగారు తేల్చేదాకా నా బండి కదలదు."

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వి, ఒక పెట్టెని మళ్ళీ లోపలికి మోసుకెళ్ళాడు.

పన్నెండు పెట్టెల కట్టకి నడుమ ఒక చిప్ ఉంటుంది. చల్లదనం తగ్గితే అదే తెరకి కబురు పంపుతుంది. అది ఉండగా ఈ తడుముడెందుకని ఆమె కసిరింది.

"నడిమి పెట్టె సంగతి అది చెబుతుందమ్మా. తలుపు పక్క పెట్టెకి ఎండ కొడుతుంది. దాని సంగతి ఎవరు చెబుతారు?"

ఆమెకి పైవాళ్ళతో రోజూ చీవాట్లే. నెలాఖరుకి తెర మీద ఎరుపు కనబడకూడదన్నారు. రేపటినుంచి రావద్దని ఆయనకి చెప్పేసింది.

ఆయన బతిమాలలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"తలుపు పక్కవి మాత్రం ఒకసారి ముట్టుకుని పంపండి, తల్లీ."

సరేనంది. ముట్టుకోలేదు.

తెరంతా పచ్చబడింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు.

మూడో వారం ఒక ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఒక పెట్టెలో మందు ముందే వేడెక్కి చెడిపోయిందట. అది పని చెయ్యక నాలుగేళ్ళ పాప పోయిందట.

ఆమె ఆ కట్ట వివరాలు తీసింది. మొదటినుంచి చివరిదాకా పచ్చే.

చిరునామా పట్టుకుని ముసలాయన ఇంటికి పరిగెత్తింది. తలుపు తీసిన పెద్దావిడతో, ఆయన్ని మళ్ళీ పనిలోకి పిలవడానికి వచ్చానని చెప్పింది.

"పోయి పదిరోజులైందమ్మా. పని మానాక అన్నం సయించలేదు. ఊరికే కూర్చుని చేతులు చూసుకునేవారు."

గోడ మీద ఆయన ఫొటో పక్కనే, బాగా పాతబడిన ఇంకో ఫొటో ఉంది. రెండు జడల చిన్నపిల్ల.

ఆమె అటే చూస్తుంటే పెద్దావిడే చెప్పింది.

"మా అమ్మాయి. మీ గోడౌన్ నుంచి వచ్చిన మందే, వేడికి చెడిపోయి..."

కొంగుతో ఫొటో అద్దం తుడిచింది.

"పెట్టెకొక చిప్ పెట్టమని ఎనిమిదేళ్ళు మీ ఆఫీసుల చుట్టూ తిరిగారమ్మా. చివరికి పన్నెండింటికి ఒకటి పెడితే, మిగిలిన పదకొండూ నేను చూసుకుంటానని అక్కడే కూలికి చేరారు."