వాన పాటకు పదో ర్యాంకు

"పదో ర్యాంకా?" జనార్ధన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "వాన పాటకు పదో ర్యాంకు ఇస్తవా రోజా?"

"పది గూడ ఎక్కువే," అంది రోజారాణి వంటింట్లోంచి, చికెన్ గిన్నె కింద మంట తగ్గిస్తూ. "మీ మొకం జూసి ఇచ్చిన."

పొద్దున్నుంచీ ఇదే గొడవ. వచ్చే ఆదివారం తూంకుంటలోని వాళ్ల కాలనీ వార్షికోత్సవం. ఈసారి తొంబైల నాటి సినిమా పాటల పోటీ పెట్టారు. ఒక్కో ఇంటివాళ్లు తమకు నచ్చిన పది పాటల్ని వరుసగా రాసివ్వాలి. అందులో ఒకటో నంబరు పాటను వాళ్లే స్టేజి ఎక్కి పాడాలి. ఇవాళ సాయంత్రంలోగా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టెయ్యాలి. రైలు పాట రెండా, మల్లెపూల పాట మూడా అన్నచోట మొగుడూ పెళ్లాలకు పెద్ద పేచీ రాలేదు. పడనిదల్లా వాన పాట దగ్గరే.

ఆ పాటే లేకపోతే జనార్ధన్‌కు ఈ పెళ్లే లేదు. మేడ్చల్‌లో పెళ్లిచూపులకు వెళ్లిన రోజున వాళ్లమ్మ సుక్కమ్మ, పిల్ల గొంతు వినాల్సిందేనని పట్టుబట్టింది. అంతకుముందు చూసిన సంబంధంలో పిల్లకు నత్తి ఉన్న సంగతి దాచారని ఆమెకు కోపం. తలెత్తకుండా కూచున్న రోజారాణి, అందరి ముందూ సిగ్గని లోపలి అర్రలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి అర్రలోంచి వాన పాట వచ్చింది. సన్నటి గొంతు, ఎక్కడా జారకుండా, రెండు చరణాలూ పూర్తిగా. జనార్ధన్ చేతిలో చాయ్ మీగడ కట్టింది. సుక్కమ్మ జాతకాల ఊసు కూడా ఎత్తకుండా, పిల్ల మాదే అనేసింది.

"సినిమాల పాడినామె గూడ అంత మంచిగ పాడలే," అన్నాడు జనార్ధన్ ఇప్పుడు సోఫా వైపు తిరిగి. "అమ్మా, నువ్వన్న చెప్పు."

టీవీ ముందు కూచున్న సుక్కమ్మ, తాను రంగు చూసో రూపం చూసో కాకుండా గొంతు చూసి కోడల్ని తెచ్చుకున్నానని, కాలనీలో ఎవరినడిగినా ఆ మాట చెబుతారని అంది. కాలనీలో అందరికీ ఆ మాట చెప్పింది ఆమే.

పెళ్లయ్యాక మాత్రం రోజారాణి ఒక్కసారీ నోరు విప్పి పాడలేదు. మొదట్లో గొంతులో గరగర అంది. తర్వాత కడుపుతో ఉన్నానంది. కూతురు ప్రియాంకకు జోలపాటలు కూడా సుక్కమ్మే పాడింది. జనార్ధన్ పటికబెల్లం తెచ్చాడు, మిరియాల కషాయం కాచాడు, సుచిత్ర సెంటర్‌లో గొంతు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాడు. గొంతు లక్షణంగా ఉందన్నాడా డాక్టరు. తన సంసారంలో పడి ఇంత మంచి గొంతు మూగబోయిందని జనార్ధన్‌కు లోలోపల బాధ. చచ్చేలోగా ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ఆశ. ఇన్నాళ్లకు స్టేజి దొరికింది.

"అమ్మ పాడనంటుంటే ఎందుకు పరేషాన్ జేస్తరు డాడీ," అంది ప్రియాంక ఫోన్లోంచి తలెత్తి. "రైలు పాట ఫస్ట్ పెట్టుర్రి. నేను పాడుత."

"నువ్వు పాడితే రైలు పట్టాలు దిగుతది."

ఆదివారం కూర కోసం సూరారం నుంచి వచ్చిన బావమరిది యాదగిరి అప్పటికే ప్లేటు ముందు కూచున్నాడు. పెళ్లినాటికి నిక్కర్లేసుకునే పిల్లగాడు, ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాడు. ఫ్యాక్టరీలో మిషన్ల చప్పుడు మీద అరిచి అరిచి అతని గొంతు తుప్పు పట్టిన బోరింగులా తయారైంది.

"ఆ పాట వద్దు బావా," అన్నాడు తలొంచుకుని. "పాతదైపాయె. ఎవలకు యాదికుంటది."

"నీకు పాటల సంగతి ఏమెరుకర? మీ అక్క గొంతుల పావు వంతు నీకొచ్చినా బాగుపడేటోనివి."

యాదగిరికి పొలమారింది. అక్క వైపు చూశాడు. రోజారాణి గరిటె వైపు చూసింది.

ఇక దాచి లాభం లేదని జనార్ధన్ అసలు విషయం బయటపెట్టాడు. ఒకటో నంబరు వాన పాటేనని, పాడేది రోజారాణేనని నిన్ననే గ్రూపులో రాసేశాడట. శామీర్‌పేట నుంచి దోస్తుల్ని కుటుంబాలతో సహా పిలిచాడట. స్టేజి మీదికని నీలం పట్టుచీర కూడా కొని బీరువాలో పెట్టాడట. తనవల్లే ఆగిన పాట తన చేతుల మీదుగానే మళ్లీ మొదలవ్వాలని, ఇందులో ఇంకెవరి మాటా విననని అన్నాడు.

రోజారాణి స్టవ్ ఆపింది. హాల్లోకి వచ్చి తమ్ముడి పక్కన కూచుంది.

"సరే. ఒకటో నంబరే పెట్టుర్రి."

జనార్ధన్ మొహం విప్పారింది. కాగితం మీద పదిని కొట్టేసి లావుపాటి ఒకటి వేశాడు. సుక్కమ్మ టీవీ సౌండు తగ్గించింది.

"గని స్టేజి నేనెక్క. మా యాదగిరి ఎక్కుతడు."

జనార్ధన్ కడుపుబ్బ నవ్వాడు. "గీ బోరింగు గొంతుతోనా? వీనికి ఆ పాటల ఒక్క ముక్కన్న వస్తదా?"

యాదగిరి ప్లేటు పక్కకు జరిపాడు. రోజారాణి చెంగుతో చేతులు తుడుచుకుని అత్తను, బిడ్డను, చివరికి మొగుణ్ణి చూసి నెమ్మదిగా అంది.

"ఆ దినం అర్రల పాడింది గూడ వీడే."