కొత్త డిస్కులో ముసలామె

ఒకే మూకీ సినిమా. పాత వీడియో టేపు ఒక టీవీలో, కొత్త డిస్కు పక్క టీవీలో పెట్టుకుని, పత్రికకి తేడాలు రాస్తున్నాను. పొద్దున్నే పంపాలి. కళ్ళు మండిపోతున్నాయి. కిటికీ దగ్గర నిలబడ్డ ముసలామె మొహం టేపులో ఉత్త తెల్లటి మరక. డిస్కులో మాత్రం పెదవుల కదలిక కూడా కనిపిస్తోంది. బాగుంది, ఒక వాక్యం దొరికింది అనుకున్నాను.

మంచినీళ్ళకని లేచిన అక్క నా వెనక వచ్చి ఆగింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్కకి వినికిడి పోయింది. అప్పట్నుంచీ ఎదుటివాళ్ళ పెదవులు చూసే మాటలు పట్టేస్తుంది.

"ఎవర్రా ఈవిడ? నిన్ను పడుకోమంటోంది."

అక్క వైపు తిరిగి విసుక్కున్నాను. "నీ మొహం! ఈ సినిమా తీసినవాళ్ళకి మన భాషే రాదు."

"మన భాషలోనే అంటోందిరా. బాగా అలిసిపోయావట. ఇటొచ్చి పడుకోమంటోంది."

నా చెయ్యి రిమోట్ కోసం తడుముకుంది. రెండు టీవీలూ, ప్లేయర్లూ ఆపేశాను. టేపు తిరిగే చప్పుడు కూడా ఆగిపోయింది.

"పదక్కా, పడుకుందాం," అంటూ అక్క భుజం తట్టాను.

అక్క నా వైపు చూడలేదు. నల్లటి తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఉండరా. ఇంకా చెప్తోంది."