పంపు గది గుమ్మం

"దాన్ని లోపల పెట్టకండి!"

పంపు గది గుమ్మంలో ఎవరో ముసలాయన అడ్డంగా నిలబడ్డాడు. మోకాళ్ల దాకా బురద.

మేస్త్రీ మెతోదికి ఒళ్లు మండింది.

ఊళ్లో నాలుగు రోజులుగా నీళ్లు లేవు. రొడోపి కొండల్లో మార్చి నెల. సగం వాన, సగం మంచు. మధ్యాహ్నం రెండింటికల్లా పగిలిన గొట్టం అతికించి తీరాలని పట్నం ఆఫీసు నుంచి పొద్దుటినుంచీ ఫోన్లు. వెచ్చటి గదిలో కూర్చున్నవాళ్లకు ఫోన్ చెయ్యడానికేం?

"ఎవరు నువ్వు?"

"స్త్రహిల్ అంటారు. పై వీధిలో ఉంటాను. వెల్డింగ్ మిషను లారీ మీదే ఉండనీ నాయనా. గొలుసులతో బిగించే ఉందిగా. పొగ గొట్టం అవతలికి తిప్పి, కేబుల్ మాత్రం లోపలికి లాక్కోండి."

"లారీ ఇంతకన్నా పైకి రాదు. అక్కణ్ణించి కేబుల్ చాలదు."

"ఇంకో ముక్క తెప్పించు."

"రెండేళ్లుగా అడుగుతున్నాం. ఆఫీసోళ్లు నీకిస్తారేమో, వెళ్లి అడుగు."

వెల్డర్ కమెన్ పకపకా నవ్వాడు. మెతోదికి తోడల్లుడు, నోరు ఊరుకోదు.

"అన్నా, ఇన్‌స్పెక్టర్ వచ్చాడు! పాపం, బూట్లు కొనుక్కునే జీతం కూడా ఇస్తున్నట్టు లేరు."

ముసలాయన నవ్వలేదు.

"పోనీ దించండి. గోడకు దూరంగా బయటే పెట్టండి. పైన రేకు పట్టుకుని నేను నిలబడతా."

"తడిసి పాడైతే ఆఫీసోళ్లు నా మెడకు చుడతారు. జరుగు."

"డీజిల్ పొగ నాయనా..."

"పొగ కొడితే బయటికి రాలేమా? మాకు ముక్కుల్లేవా?"

"అందులో చంపేదానికి వాసన ఉండదు."

మెతోది అతని జబ్బ పట్టి పక్కకు లాగాడు. ముసలాయన బురదలో కూలబడ్డాడు.

లారీ మీది క్రేనుతో మిషను దించారు. గొట్టం ముక్కల మీద దొర్లించి గదిలోకి నెట్టారు. ఇంజను మొదలైంది. కమెన్ గది మధ్య, పగిలిన గొట్టం ఉన్న నడుము లోతు గోతిలోకి దిగాడు.

"అన్నా, తలుపెయ్యి! గాలికి అతుకు నిలవట్లేదు."

మెతోది తలుపు వేశాడు.

ముసలాయన వచ్చి తెరిచాడు.

మళ్లీ వేశాడు. మళ్లీ తెరిచాడు.

"నీకు పిచ్చా, తాతా? ఊరంతా నీళ్లకు ఏడుస్తోంది!"

ఈసారి మెతోది అతన్ని కాలరు పట్టి రోడ్డు దాకా ఈడ్చుకెళ్లాడు.

"ఇంకోసారి కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తా."

ముసలాయన తల వంచుకుని నడిచాడు. మలుపు తిరిగే దాకా చూసి, తలుపు మళ్లీ మూసి మెతోది లారీ ఎక్కాడు. మళ్లీ ఫోన్.

"అయిపోవచ్చిందండీ. ఆ, ఇంకో అరగంట."

పావుగంట సేపు చీవాట్లు పెట్టారు. పావుగంట సేపూ "అలాగేనండీ" అన్నాడు. లారీ అద్దాలకు ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించలేదు.

ఫోన్ పెట్టేశాక గానీ తెలియలేదు, ఇంజను చప్పుడు ఆగిపోయిందని.

పరిగెత్తాడు.

పంపు గది తలుపు బార్లా తెరిచి ఉంది. బయట మంచులో కమెన్ బోర్లా పడి కక్కుకుంటున్నాడు. గుమ్మం మీద ముసలాయన. తల బయట, కాళ్లు లోపల.

"ఎవరో... కాలరు పట్టి... లాగారన్నా," అన్నాడు కమెన్.

అంబులెన్సు వచ్చేసరికి కమెన్ లేచి కూర్చున్నాడు. ముసలాయన లేవలేదు.

నీళ్లు మర్నాడు వచ్చాయి. రెండింటికి రాకపోతే ఎవరి కొంపా మునగలేదు.

ఇంకో రెండు రోజులకు మెతోది పంచాయతీ ఆఫీసులో చావు కాగితం అచ్చు వేయించాడు. అక్కడి ఆవిడ పైన స్త్రహిల్ ఫోటో పెట్టి అడిగింది:

"కింద ఎవరి పేరు వెయ్యను? పెళ్లామా, పిల్లలా? ఏడ్చేవాళ్ల పేరు ఉండాలి కదా?"

"ఎవరూ లేరటమ్మా."

ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

పోయినవాళ్ల కాగితం వాళ్ల తలుపు మీదా, ఏడ్చేవాళ్ల తలుపు మీదా అతికించడం అక్కడి ఆచారం. జిగురు డబ్బా పట్టుకుని మెతోది ఒక్కడే పై వీధికి వెళ్లాడు.

తలుపు మీద చోటు లేదు.

అప్పటికే మూడు కాగితాలున్నాయి. తడవకుండా ప్లాస్టిక్ తొడిగి ఉన్నాయి. ముగ్గురూ కుర్రాళ్లు. ముగ్గురూ ఇరవై రెండేళ్ల కిందట ఒకే రోజున పోయారు.

ఏడ్చేవాళ్ల పేర్లుండే చోట మూడింటి మీదా ఒకటే మాట: "మిషను లోపల పెట్టించిన మేస్త్రీ, స్త్రహిల్."