జపాను బోటి

జయరామ్ జపాను వెళ్లొచ్చాడని బంగారుపాళ్యంలో తెలియనివాళ్లు లేరు. వెళ్లలేదని తెలిసింది ఒక్క పెళ్లాం చెంగమ్మకే.

జపానులో ఉన్నానని చెప్పుకున్న ఏడాదంతా అతగాడు బొంబాయి రేవులో గోనెలు మోశాడు. అక్కడ జపాను ఓడ వంటవాడొకడు చేతిసైగలతో నేర్పిన బోటి పులుసే అతని విదేశీ విద్య. దాని పేరు మొత్సునాబె. ఆ పేరు పలికే సొగసుకే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు దామోదరం పిలిచి సూపర్‌వైజరును చేశాడు.

సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. అయితే జపానోడు బంగారుపాళ్యం దాకా వచ్చి నిలదీస్తాడా ఏమిటి?

వచ్చాడు.

కొత్త యంత్రాల అప్పుకోసం దామోదరం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. మన గుజ్జు కొనడానికి జపాను నుంచి తనాకా దొర వస్తున్నాడని బ్యాంకు మేనేజరు సుబ్రమణ్యం చెవిన వేశాడు. మేనేజరు ఉబ్బిపోయాడు.

"అయితే మీ జయరామ్ ఇంట్లోనే జపాను భోజనం పెట్టించండి. ఇద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకుంటారు. నేనూ వచ్చి చూస్తాను."

దామోదరం వద్దని నాలుగు విధాల చెప్పి చూశాడు. మేనేజరు వినలేదు.

ఆదివారం పొద్దున్నే జయరామ్ బోటి తెచ్చాడు. చెంగమ్మ వేణ్ణీళ్లు పోసి, ఉప్పూ పసుపూ రుద్ది, పేగులు ఒక్కొక్కటే తిరగేసి కడిగింది. చేతులతోపాటు నోరూ ఆడింది.

"మా యమ్మ బోటి తెస్తే కంపు అంటివే! జపాను పేరు పెడితే వాసన పోయిందా?"

"మే, అది బోటి. ఇది మొత్సునాబె."

"సరే, ఆయప్ప జపాన్‌లో ఏమన్నా అడిగితే ఏం జేస్తావు?"

జయరామ్ ఆ మాట విననట్టు వెల్లుల్లి ఒలవసాగాడు.

వంటలో మాత్రం లోటు చేయలేదు. పలమనేరు క్యాబేజీ, ఉల్లికాడలు, దోసెడు వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేశాడు. జపానోళ్ల సోయాముద్ద ఈ జిల్లాలో యాడా దొరకదు కాబట్టి ఉలవకట్టు పోశాడు. నట్టింట్లో కుంపటి, దాని మీద వెడల్పాటి సట్టి, చుట్టూ మనుషులు. ఉడుకుతుండగానే తినాలి, అదీ పద్ధతి.

మధ్యాహ్నం అంబాసిడరు వచ్చి ఆగింది. తనాకా దొర నల్లకోటులో దిగి, వంగి వంగి దండాలు పెట్టాడు. దామోదరం ముఖాన చెమటలు ధారకట్టాయి. శాకాహారి అయిన మేనేజరు పెరుగన్నం ముందు పెట్టుకుని, తమాషా చూడటానికి కూర్చున్నాడు.

"ఊఁ, కానీవయ్యా జయరామ్. మాట్లాడు."

జయరామ్ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

"ఒసాకా కిమొకొ నాగసాకి?"

దొర అతన్ని చూశాడు. సట్టిని చూశాడు. గుటక మింగాడు.

"హై. తొషిమొ కరకర."

జయరామ్‌కు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా తడుముకోలేదు. "మన గుజ్జు లాంటిది లోకంలో లేదంటా ఉండారు సార్."

దొర గబగబా తలూపాడు. జయరామ్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ పది నిమిషాలు దంచేశారు. మధ్యమధ్య దొర బోటి లాగిస్తూనే ఉన్నాడు. దామోదరం ముద్ద మింగలేక నీళ్లు తాగుతూ కూర్చున్నాడు.

మేనేజరు మురిసిపోయి దామోదరం వెంట తెచ్చిన అప్పు కాగితాల మీద అక్కడికక్కడే సంతకం చేశాడు. "భాష వచ్చిన మనిషి ఒకడుంటే పని ఎంత సులువో చూశారా!" అని దామోదరం భుజం తట్టాడు.

చేతులు కడుక్కోవడానికి దొర పెరట్లోకి నడిచాడు. జయరామ్ చెంబు పట్టుకుని వెంట వెళ్లాడు. అక్కడ ఇంకెవరూ లేరు. ఇక నిలదీస్తాడనుకున్నాడు. దొర అటూ ఇటూ చూసి, చప్పున జయరామ్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు జపాను పోయొచ్చినోడివి, నన్ను పట్టియ్యద్దు, నాది మద్రాసు బర్మా బజారులో టేపురికార్డర్ల అంగడి, మీ ఓనరే కోటు తొడిగి పిల్చుకొచ్చినాడు" అన్నాడు తనాకా దొర.