తడవని మందు

మోకాళ్లలోతు నీళ్లల్ల భార్య సోమక్కను భుజానేసుకొని వచ్చి, ఊరి దవాఖాన బల్ల మీద పండబెట్టిండు లింగస్వామి.

"పాము కరిసింది, సిస్టరమ్మా. మంత్రమేసేటోడు మా ఇంటి పక్కనే ఉన్నడు. అయినా పాము కరిస్తే దవాఖానకే రావాలని నువ్వు మీటింగుల చెప్పినవని ఈడికే తెచ్చిన. జల్ది సూదెయ్యి."

నర్సు సింధు జాగా నుంచి కదల్లేదు.

"మందు లేదు పెద్దయ్యా. వానలకు కరెంటు పోతే ఫ్రిజ్‌ల మందులు పాడైతయని, మా డాక్టరు సారు నిన్ననే అన్నీ బండిల ఏసి కోదాడ పెద్ద దవాఖానకు పంపిండు."

"మరి తెప్పియ్యి."

"పొద్దుగాల వాగు పొంగి రోడ్డు తెగింది. పడవ అడిగిన. ఎప్పుడొస్తదో చెప్తలేరు."

"మందైతే పాడుగాలేదు గదా?"

"ఒక్క సీసా గూడ పాడుగాలేదు" అన్నది సింధు. అని తల వంచుకున్నది.

లింగస్వామి వాగు దిక్కు సూసిండు.

"నిన్న ఆ బండి మా ఇంటి ముంగట్నించే పోయింది. దవాఖానల మందు లేదని ఒక్క మాట చెప్పి పోతే, వాగు పొంగకముందే మేము గూడ కోదాడకే పోతుంటిమి గదా బిడ్డా."



సోమక్క రెప్పలు వాలిపోతున్నయి. "సూదేసిన్రా?" అని ముద్దముద్దగ అడిగింది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నడు.

"ఏసిన్రు. ఇగ భయం లేదు" అన్నడు.