పుష్పాంగదన్ వీడ్కోలు సభ

"లిసమ్మ చేచీ, పుష్పాంగదన్ చేట్టన్‌కి ఏమిష్టం?"

సజీవ్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే అడిగాడు. కేరళలోని చేర్తల కొబ్బరిపీచు సంఘానికి అతను కొత్త సెక్రటరీ; అక్కడ తనకంటే పెద్దవాళ్లంతా అతనికి చేచీలు, చేట్టన్లే, అంటే అక్కలు, అన్నలే. సాయంత్రం గుమాస్తా పుష్పాంగదన్ పదవీ విరమణ సభ. అందులో మాట్లాడవలసింది సజీవే.

ప్రసంగాలు రాసిపెట్టే యాప్, ఆయన గురించి నాలుగు సంగతులు చెప్పమంటోంది.

లిసమ్మ ఆలోచించింది. ఏళ్ల తరబడి ఆయన పక్క బల్లే ఆమెది.

"ఏమో సార్. టీ తాగుతాడు."

"టీ ఎవరైనా తాగుతారు. ఇంట్లో ఎవరున్నారు?"

"అన్నం డబ్బా తనే కట్టుకుని తెచ్చుకుంటాడు. దాన్నిబట్టి మీరే ఊహించుకోండి."

"ఎప్పుడైనా ఏదన్నా తమాషాగా అన్నాడా?"

"అసలు ఏదన్నా అంటే కదా సార్."

సజీవ్ 'నిజాయితీ, స్నేహం, చిరునవ్వు' అని కొట్టాడు.

క్షణంలో ప్రసంగం వచ్చేసింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా యాప్ గుర్తులు పెట్టింది.

సభలో పుష్పాంగదన్ భుజాల మీద పొన్నాడ శాలువా కప్పారు.

"ఆ చిరునవ్వు రేపటినుంచి మనకు కనబడదు" అన్నచోట సజీవ్ గొంతు తగ్గించాడు.

అందరూ చప్పట్లు కొట్టి, పళంపొరి అరటిపండు బజ్జీల పళ్లేల వైపు చూశారు.

పుష్పాంగదన్ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"మీరూ రెండు మాటలు చెప్పండి చేట్టా" అన్నాడు సజీవ్.

ఆయన లేచాడు. అందరి ముఖాలూ ఒకసారి చూశాడు.

"అందరికీ నమస్కారం" అని కూర్చున్నాడు.

టీ వచ్చింది. ఆ సందట్లో ఆయన పొన్నాడ మడిచి చంకలో పెట్టుకుని బస్టాపు వైపు వెళ్లిపోవడం ఎవరూ గమనించలేదు.

"చక్కగా మాట్లాడారు సార్" అంది లిసమ్మ. "కానీ మీకు ముందున్న సెక్రటరీ కోశి సార్ ప్రసంగాలే వేరు. మా భార్గవి చేచి రిటైరై వెళ్లిపోయేనాడు, ఆవిడ మా అందరి పిల్లలకీ సంచిలో జామకాయలు మోసుకొచ్చేదని చెప్పాడు. కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు. ఏ మనిషి గురించి చెబితే ఆ మనిషే ఎదురుగా నిలబడేది."

సజీవ్‌కు చివుక్కుమంది. ఇంటికి వెళ్లగానే కోశి సార్‌కు ఫోన్ చేశాడు.

"మీ ప్రసంగాల గురించి ఇంకా చెప్పుకుంటున్నారు సార్. ఏ యాప్‌లో రాయించేవారు?"

కోశి సార్ నవ్వాడు.

"యాపా? అలా రాయాలంటే, అందరూ కబుర్లాడుకుంటుంటే ఒక్కడు పక్కన కూర్చుని ఊరికే వినాలి మోనే, నాయనా. నాకంత ఓపిక ఎక్కడిది?"

"మరి?"

"పేరు బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాడు గానీ, ఇవాళ్టితో ఉద్యోగం అయిపోయింది కాబట్టి చెబుతున్నా. అవన్నీ పుష్పాంగదన్ రాసిచ్చినవే."